సూపర్‌హీరో సినిమాకి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? టికెట్ కొనకముందే తేల్చుకోవడం ఎలా

సంక్రాంతి సెలవులకి మా అక్క కొడుకు విజయనగరం వచ్చాడు. అప్పటికి వాడికి ఐదేళ్లు. మావయ్య అన్నాక సినిమాకి తీసుకెళ్లకపోతే ఎలా? ఫోన్లో చూస్తే తెలుగులోకి డబ్ అయిన సూపర్‌హీరో సినిమా ఒకటి ఆడుతోంది. పోస్టర్ మీద రంగురంగుల డ్రెస్సు, గాల్లో ఎగిరే మనిషి. ఇంకేం చూస్తాం? మ్యాట్నీకి రెండు టికెట్లు బుక్ చేసేశాను.

బిల్డింగులు కూలుతున్నంతసేపూ వాడు పాప్‌కార్న్ తింటూనే ఉన్నాడు. కొమ్ముల రాక్షసుడొచ్చినా బెదరలేదు. మధ్యలో హీరో చిన్నప్పటి కథ వచ్చింది. అరుపుల్లేవు, దెబ్బల్లేవు. ఆ పిల్లాడు బడి నుంచి వచ్చి తలుపు తీస్తే ఇంట్లో ఎవరూ ఉండరు. అంతే. మావాడు నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. "మావయ్యా, ఆళ్లమ్మ ఏదీ?" అన్నాడు. వస్తుందిలేరా అన్నాను. ఆవిడ రాలేదు. సినిమా అయ్యేదాకా రాదని నాకూ తెలీదు.

ఇంటర్వెల్‌కి ముందే బయటికొచ్చేశాం. గంటస్తంభం దాకా వాడు నా భుజం మీద నుంచి దిగలేదు. ఆ రాత్రి మూడుసార్లు లేచి వాళ్లమ్మ పక్కనే ఉందో లేదో చేత్తో తడుముకున్నాడట. మర్నాడు అక్క నన్నేమందో ఇక్కడ రాయను.

తప్పు సినిమాది కాదు, నాదే. సినిమా ఏమిటో చూడకుండా పోస్టర్ చూసి టికెట్ కొన్నాను. అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. కూర్చుంటే ముప్పావుగంట పని. మీకూ పనికొస్తుందేమో చూడండి.

మొదటి పని: సర్టిఫికెట్ చూడండి, కానీ దాన్నే నమ్ముకోకండి

సినిమా మొదలయ్యే ముందు తెర మీద కాసేపు కనిపించే సెన్సార్ సర్టిఫికెట్ మనందరికీ తెలిసిందే. అప్పుడు చూసి లాభం లేదు, టికెట్ డబ్బులు అప్పటికే పోయాయి. బుక్‌మైషోలో సినిమా పేరు దగ్గరే భాష, నిడివితో పాటు సర్టిఫికెట్ కూడా ఉంటుంది. వాల్‌పోస్టర్ మీద కూడా వేస్తారు, కాస్త కళ్లు చిట్లించి వెతకాలి.

యూ అంటే అందరూ చూడొచ్చు. ఏ అంటే 18 ఏళ్లు నిండినవాళ్లకే. తిరకాసంతా మధ్యలో ఉన్న యూఏ దగ్గరే. చాలాకాలం దానర్థం ఒక్కటే: పన్నెండేళ్లలోపు పిల్లలైతే పెద్దవాళ్లు ఆలోచించుకోవాలి. ఇంటిల్లిపాదీ నవ్వుకునే సినిమాకీ అదే, అరగంటకో తల తెగే సినిమాకీ అదే. 2023లో సినిమాటోగ్రఫ్ చట్టాన్ని సవరించి, 2024లో వచ్చిన నిబంధనలతో దాన్ని మూడుగా విడగొట్టారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఇప్పుడొచ్చే సినిమాలకి ఆ అంకె ఉంటుంది. పాతవాటికి ఒట్టి యూఏ అనే కనిపిస్తుంది, దాన్నిబట్టి మీరు ఏమీ తేల్చుకోలేరు.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 'ఏ' సర్టిఫికెట్ సినిమాకి పిల్లల్ని రానిస్తే అది థియేటర్ వాళ్ల తప్పు. యూఏ పక్కనున్న అంకె మాత్రం తల్లిదండ్రుల కోసం పెట్టింది. గేటు దగ్గర టికెట్ చింపే కుర్రాడికి మీ పిల్లాడి వయసుతో పనిలేదు. "లోపలికి రానిచ్చారు కదా, అంటే పర్లేదన్నమాట" అని మనం అనుకునే మాట అందుకే చెల్లదు. ఆపాల్సినవాళ్లు మీరే.

ఇక సెన్సార్ బోర్డు లెక్క వేరు, అమ్మ లెక్క వేరు. 2025లో సూపర్‌మాన్ సినిమా మన దగ్గరికి వచ్చినప్పుడు ముద్దు సన్నివేశాన్ని కత్తిరించారని పెద్ద గొడవ నడిచింది. నాకు తెలిసిన అమ్మలెవరూ ఆ ముద్దు గురించి రాత్రిళ్లు నిద్ర మానుకోలేదు. వాళ్లకి భయమల్లా తెర మీద చూసింది పిల్లాడు పక్కలోకి తెచ్చుకుంటాడని. ఆ సంగతి సర్టిఫికెట్ చెప్పదు.

'ఏ' సర్టిఫికెట్ దగ్గర మాత్రం బేరాల్లేవు. డెడ్‌పూల్, లోగన్, జోకర్ మూడూ మన దగ్గర 'ఏ' సినిమాలే. డెడ్‌పూల్ వేసుకునే ఎర్ర ముసుగు చూస్తే పిల్లల సినిమా అనే అనుకుంటాం. ముసుగు వేసుకున్నవాడల్లా పిల్లల కోసం రాలేదని మీరు ఒకసారి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. బొమ్మల సినిమా అనగానే నిశ్చింతగా ఉండేవాళ్లకీ ఇదే మాట. ప్రైమ్ వీడియోలో ఇన్విన్సిబుల్ అని ఒక సిరీస్ ఉంది. చూడ్డానికి అచ్చం సాయంత్రం పూట వేసే కార్టూన్. మొదటి ఎపిసోడ్ దాదాపు అయిపోయేదాకా అలాగే నడుస్తుంది. ఆఖర్న వచ్చే రక్తపాతం చూస్తే పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది. అది పెద్దలకి తీసిందే. మనమే బొమ్మల్ని చూసి పిల్లాడి చేతికి రిమోట్ ఇచ్చేస్తాం.

రెండో పని: కథ మొత్తం, ముగింపుతో సహా చదివేయండి

సస్పెన్స్ పోతుందంటారా? పోనీయండి. పక్కన ఐదేళ్లవాడు ఉన్నప్పుడు మీరు సినిమాకి వెళ్లట్లేదు, డ్యూటీకి వెళ్తున్నారు.

మన తెలుగు రివ్యూలు ఈ పనికి అక్కరకి రావు. ఫైట్లు అదిరాయా, గ్రాఫిక్స్ తేలిపోయాయా, సెకండాఫ్ లాగ్ అయిందా, చివర్లో రెండు ముప్పావు రేటింగు. ఆరేళ్ల పాప ఏ సీన్‌లో ఏడుస్తుందో ఎవరూ రాయరు. వికీపీడియాలో కథ మొత్తం రాసి ఉంటుంది, ముందు అది చదవండి. తర్వాత సినిమాల వివరాలుండే ఐఎండీబీ సైట్లో ఆ సినిమా పేజీ తెరిచి 'పేరెంట్స్ గైడ్' అన్నచోట నొక్కండి. హింస, బూతులు, మద్యం, భయపెట్టే సన్నివేశాలు విడివిడిగా ఉంటాయి. చూసినవాళ్లు ఒక్కో సీన్ గురించి రాస్తారు. బ్రిటన్ సెన్సార్ బోర్డు బీబీఎఫ్‌సీ వెబ్‌సైట్‌లో ఆ సినిమాకి ఫలానా వయసు ఎందుకిచ్చారో కారణాలతో సహా ఉంటుంది, నేను ఎక్కువగా నమ్మేది దాన్నే. కామన్ సెన్స్ మీడియా అనే సైట్ కూడా ఏ వయసుకి సరిపోతుందో చెబుతుంది. ఇంగ్లీషు రాదనుకుంటే ఫోన్లో ట్రాన్స్‌లేట్ నొక్కండి. వచ్చే తెలుగు నవ్వు తెప్పిస్తుంది గానీ సంగతి అర్థమవుతుంది.

ఇవన్నీ నిండడానికి రిలీజయ్యాక నాలుగైదు రోజులు పడుతుంది. అందుకని మొదటిరోజు మొదటి ఆటకి పిల్లల్ని తీసుకెళ్లకండి. ఎలాగూ ఆ రోజు విజిళ్లు, కాగితం ముక్కలు, పక్క సీటు అన్నయ్య కేకలతో వాడికి సినిమా వినబడదు.

కథలో ఏం వెతకాలి

అసలు పని ఇక్కడే. రక్తం ఎంత కారింది అని చూస్తే మోసపోతారు. 2018లో వచ్చిన అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్ గుర్తుంది కదా. ఆఖర్న విలన్ చిటికేస్తే లోకంలో సగం ప్రాణులు బూడిదైపోతాయి. చుక్క రక్తం ఉండదు. కానీ పిల్లలకి ప్రాణమైన స్పైడర్‌మాన్ కుర్రాడు, నాకు వెళ్లాలని లేదంటూ పెద్దాయన్ని పట్టుకుని, చేతుల్లోనే పొడైపోతాడు. సినిమా అక్కడే ఓడిపోయి ఆగిపోతుంది. మిగతా కథ ఏడాది తర్వాత వచ్చింది. ఆ ఏడాదిపాటు ఇంట్లో ఎన్నిసార్లు "మళ్లీ లేస్తాడా?" అన్నదానికి సమాధానం చెప్పుకోవాలో ముందే ఆలోచించుకోవాలి. ముగింపు ఏ స్థితిలో వదిలేస్తుందన్నది నా మొదటి ప్రశ్న.

రెండోది, అమ్మానాన్నలు ఏమయ్యారు. నేను దెబ్బతిన్నది దీని దగ్గరే. సూపర్‌హీరోల్లో చాలామంది అనాథలే. సూపర్‌మాన్ పుట్టిన గ్రహమే పేలిపోయింది. బ్యాట్‌మాన్ అమ్మానాన్నల్ని సందులో వాడి కళ్లముందే కాల్చేశారు. స్పైడర్‌మాన్‌కి పెంచిన పెదనాన్న పోయాడు. 2024 సంక్రాంతికి మన తెలుగులో వచ్చిన హనుమాన్ సినిమా ఈ సంగతి మీదే చేదు జోకు వేసింది: సూపర్‌హీరోలెవరికీ అమ్మానాన్నలు ఉండరని లెక్కేసుకున్న ఒక పిల్లాడు కన్నవాళ్లనే అడ్డు తొలగించుకుంటాడు, వాడే విలన్ అవుతాడు. సినిమా మొదలవడమే అలా మొదలవుతుంది. పెద్దవాళ్లకి అది తమాషా ఆలోచన. నాలుగేళ్లవాడికి మాత్రం అమ్మ కనిపించకపోవడం కంటే పెద్ద ప్రళయం లేదు. వందమంది ఉన్న బస్సు లోయలో పడినా పట్టించుకోడు, ఎందుకంటే ఆ వందమందిలో వాడెవర్నీ ఎరగడు.

మూడోది మనకి అస్సలు తట్టదు: మనిషి మారిపోవడం. అమెరికాలో జోయాన్ క్యాంటర్ అనే పరిశోధకురాలు 1980లలో తోటి పరిశోధకుడితో కలిసి హల్క్ సీరియల్‌ని పిల్లలకి చూపించి గమనించారు. పెద్ద ప్రమాదాలు జరిగే సీన్ల కంటే, మంచి మనిషి ఒళ్లు ఉబ్బి, చొక్కా చిరిగి, పచ్చటి ఆకారమయ్యే క్షణమే మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని ఎక్కువ భయపెట్టింది. కాస్త పెద్ద పిల్లలకి అక్కడే భయం తగ్గింది. వీడొచ్చి కాపాడతాడని వాళ్లకి తెలుసు కదా. అంటే ఒకే సీన్‌కి అన్న చప్పట్లు కొడుతుంటే తమ్ముడు కుర్చీ కిందకి దూరతాడు. ఇద్దర్నీ ఒకే టికెట్ లెక్కన చూడకండి.

పిల్లల్ని, జంతువుల్ని బాధపెట్టే సీన్లు ఉన్నాయా చూడండి. 2023లో వచ్చిన గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ మూడో భాగం పాటలతో, జోకులతో సరదాగా కనిపిస్తుంది, కథేమో నోరులేని జీవాల మీద ప్రయోగాలు. ఇంట్లో కుక్కపిల్లతో పడుకునే పిల్లలుంటే వాళ్లకది అసలు పడదు.

దెబ్బ తిన్నవాడికి నొప్పి కలుగుతున్నట్టు చూపించారా, నవ్వుకోడానికి కొట్టించారా అన్నది కూడా చూడాలి. నాకైతే రక్తం కంటే ఇదే టెన్షన్. 2017లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు 240 మంది చిన్నపిల్లల గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. సూపర్‌హీరోల్లో బాగా మునిగితేలే పిల్లల్లో ఏడాది తర్వాత కొట్లాట ఎక్కువ కనిపించింది. పోనీ దెబ్బలు తినే పిల్లాడికి అడ్డు నిలబడే గుణమైనా పెరిగిందా అంటే, అదీ లేదు. సినిమాల వల్లే అలా అయ్యారని అంత తేలిగ్గా చెప్పలేం. కానీ హీరో ఎందుకు కొట్టాడన్నది ఆ వయసులో బుర్రకెక్కదు, ఎలా కొట్టాడన్నది ఎక్కుతుంది. మీ ఇంట్లో చెల్లెలి వీపు అందుకు సాక్ష్యం చెబుతుంది.

ఒక చిన్న జాగ్రత్త, ఫిట్స్ ఉన్న పిల్లల కోసం. 2018లో ఇన్‌క్రెడిబుల్స్ రెండో భాగం రిలీజైనప్పుడు అందులో తెల్లటి వెలుగు టపటపా కొట్టుకునే సీన్లు ఉన్నాయని థియేటర్లలో హెచ్చరిక బోర్డులు పెట్టమని డిస్నీయే కోరింది. మెరుపుల వెలుగుకి ఫిట్స్ వచ్చే పిల్లలైతే ముందు డాక్టర్‌ని అడగండి, తర్వాతే టికెట్.

ఇక్కడ మా నాన్న నన్నడిగిన ప్రశ్న ఒకటి చెప్పాలి. "సింహాచలం వెళ్లి నరసింహస్వామి కథ చెప్తాం. హిరణ్యకశిపుడి పొట్ట చీల్చాడని మూడేళ్లవాడికి చెప్తాం. బొబ్బిలి యుద్ధం బుర్రకథలో తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని డేరాలోకి దూరి పొడిచాడని విన్నాం. మేమేటి పాడైపోయాం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ కథ చెప్పేటప్పుడు పిల్లాడు మామ్మ ఒళ్లో ఉంటాడు. వాడి కళ్లు పెద్దవైతే ఆవిడ గొంతు తగ్గిస్తుంది, చీల్చాడు అన్నమాట మింగేసి "శిక్షించాడమ్మా" అంటుంది, నిద్రొస్తే అక్కడితో ఆపేస్తుంది. ఎంత భయం పుడుతుందన్నది ఆవిడ చేతిలోనే ఉంటుంది. నలభై అడుగుల తెర మన పిల్లాడి మొహం చూసి ఆగదు. అది చెయ్యాలంటే ఆ సీన్ ఎప్పుడొస్తుందో మీకు ముందే తెలిసుండాలి.

మూడో పని: ట్రైలర్ పెట్టి పిల్లాడి మొహం చూడండి

ముందు మీరొక్కరే చూడండి. తర్వాత వాడికి చూపించండి, మొదటిసారి సౌండ్ తగ్గించి. మీ చూపు మాత్రం తెర మీద కాదు, వాడి చేతుల మీద ఉండాలి. దుప్పటి నలుపుతున్నాడా, మీ వైపు జరుగుతున్నాడా, ఉన్నట్టుండి నీళ్లు కావాలంటున్నాడా? "భయమేస్తోందా?" అని అడిగితే ఏ మగపిల్లాడూ అవుననడు, ఆడపిల్లలూ ఈమధ్య అనట్లేదు. "తర్వాత ఏమవుతుందంటావ్?" అని అడగండి. హీరో లేచి తంతాడు అంటే ఒక రకం. "అందరూ చచ్చిపోతారు" అని మెల్లగా అన్నాడంటే, ఆ సినిమా ఇంకో రెండేళ్లు ఆగొచ్చు.

వయసు కాదు, మీ పిల్లాడు

నేను వాడే మోటు లెక్క ఇది. ఆరేళ్లలోపువాళ్లకి థియేటర్లో మనుషులు నటించే సూపర్‌హీరో సినిమా వద్దే వద్దు. ఇంట్లో బొమ్మల సినిమాలు చాలు, అవీ చూసి ఎంచినవి. ఏడు నుంచి పది మధ్య, కథ చదివి, ఒక్కో సినిమాకీ విడిగా తేల్చుకోవాలి. ఆ తర్వాత వాళ్లే మనకి కథ చెబుతారు. అప్పుడు భయపెట్టే సీన్ల కంటే బూతులు, డబుల్ మీనింగ్ డైలాగులు చూసుకోవాలి. తెలుగు డబ్బింగ్‌లో బూతులు మెత్తబడతాయి గానీ, నవ్వించాలని మనవాళ్లు కలిపే పంచ్‌లు ఒక్కోసారి అసలు డైలాగు కంటే ఘాటుగా ఉంటాయి.

ఈ లెక్క మీ ఇంట్లో సరిపోకపోవచ్చు. మన ఊళ్లో ఇంకో కొలత ఉంది. పైడితల్లమ్మ పండగలో పులివేషం డప్పులతో ఎదురొచ్చినప్పుడు మీ పిల్లాడు ఏం చేశాడు? ముందుకెళ్లి తోక లాగాడా, అమ్మ కొంగులో దూరి ఒక కన్నుతో చూశాడా, వారం దాకా ఆ వీధిలోకి రానన్నాడా? కొంగు చాటు నుంచి చూసినవాడికి పక్కన మీరుంటే సినిమా పర్లేదు. వారం దాకా రానన్నవాణ్ణి ఇంకా పెరగనివ్వండి. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయినా, అమ్మ ఆసుపత్రిలో ఉన్నా, నాన్న పనికోసం ఊరు దాటి వెళ్లినా పైన చెప్పిన అనాథ కథల జోలికి అసలు పోవద్దు. శ్రీకాకుళం వైపు, నాన్నలు వలస వెళ్లిపోయిన ఇళ్లు ఎన్నో. తెర మీద తిరిగిరాని నాన్నని చూసి ఆ పిల్లలు ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు.

అనుమానముంటే ఇంట్లో చూడండి

ఓటీటీకి వచ్చేదాకా ఆగితే రిమోట్ మీ చేతిలో ఉంటుంది. అయితే ఇక్కడ సెన్సార్ సర్టిఫికెట్ వర్తించదు. థియేటర్లో కత్తిరించిన ముక్క ఓటీటీలో ఉండొచ్చు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీవాళ్లు ప్రతిదానికీ వయసు, ఎందుకా వయసు అన్న కారణం చూపించాలి. 13 ఏళ్లు పైబడినవాళ్లకని ఇచ్చినవాటికి తాళం వేసుకునే సౌకర్యం కూడా ఇవ్వాలి. తాళం ఉంటుంది, వేసేవాళ్లే తక్కువ. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పిల్లల పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టండి. పిన్ మీ పుట్టినరోజు మాత్రం కాకూడదు, అది వాళ్లకి నోటికొచ్చు.

మొదటిసారి పగలు చూడండి, లైట్లు వేసి, మధ్యలో ఆపుకుంటూ.

థియేటర్‌కి వెళ్లే రోజు

నిడివి చూసుకోండి. 2019 నాటి అవెంజర్స్: ఎండ్‌గేమ్ 181 నిమిషాలు. దానికి ప్రకటనలు, ఇంటర్వెల్ కలిపితే మూడున్నర గంటలు. గజపతినగరం నుంచో, నెల్లిమర్ల నుంచో వచ్చేవాళ్లు బస్సు ప్రయాణం కూడా కలుపుకోండి. ఉదయం ఆట మంచిది. సెకండ్ షో అన్నమాట ఎత్తకండి, చూసింది సర్దుకోడానికి పడుకునేముందు పిల్లలకి కాస్త వ్యవధి ఉండాలి. సీటు వరస చివర తీసుకోండి, నలుగురి మోకాళ్లు దాటకుండా బయటికి రావచ్చు. స్పీకర్ల మోత ఎక్కువనిపిస్తే చిన్నవాళ్ల చెవులు మూయడానికి మఫ్లర్ లాంటిదేదైనా సంచిలో వేసుకోండి.

సినిమా కంటే ముందొచ్చే పొగాకు ప్రకటనని మర్చిపోకండి. "ఈ నగరానికి ఏమైంది?" అంటే మనకి జోకు. నోటి క్యాన్సర్ వచ్చినవాళ్ల మొహాలు దగ్గరగా చూపించేవి మాత్రం నాలుగేళ్లవాడికి ఏ విలన్‌కీ తీసిపోవు. అప్పుడు పాప్‌కార్న్ డబ్బా మూత తెరిచే పని వాడికి అప్పగించండి.

భయపడితే ఏం చెయ్యాలన్నది కూడా వయసునిబట్టే. చిన్నవాళ్లకి "అదంతా ఉత్తిదే, గ్రాఫిక్స్" అని చెప్పి లాభం లేదు. వాళ్లు మాటలకి ఊరుకోరు. ఒళ్లోకి తీసుకుని, మంచినీళ్లు తాగించి, కావాలంటే మొహం మీ వైపు తిప్పుకోండి. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి వివరణ పనిచేస్తుంది: తాడు కట్టి ఎగరేస్తారు, వెనకాల పచ్చటి గుడ్డ ఉంటుంది అని చెప్పండి. రెండింట్లో ఏదీ పనిచేయకపోతే లేచి వచ్చేయండి. టికెట్ డబ్బులు పోయాయని కూర్చోబెట్టకండి. ఇంటర్వెల్లో "ఇంటికెళ్దామా, ఉందామా?" అని వాణ్ణే అడగండి, ఏమన్నా దానికే కట్టుబడండి. పక్కింటి పిల్లలు చూస్తున్నారు కదా అని రోషం పెట్టకండి.

ఇంటికొచ్చాక

ఆ సాయంత్రం తువ్వాలు మెడకి కట్టుకుని మంచం మీద నుంచి దూకుతారు. దూకనివ్వండి, మంచం మీద నుంచి మాత్రమే. మేడ మెట్ల తలుపుకి గడియ పెట్టండి. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైనప్పుడు మేం చేసిన పనులు మాకు గుర్తే. కాపాడడానికి ఆయనొస్తాడని పిల్లలు ప్రమాదాలు కొనితెచ్చుకుంటున్నారని వార్తలొస్తే, ముకేశ్ ఖన్నాయే తెర మీదికొచ్చి అలా చెయ్యొద్దని చెప్పాల్సి వచ్చింది.

కోడి రామమూర్తి నాయుడి కథ చెప్పండి. వీరఘట్టంలో పుట్టి, మన విజయనగరంలో కసరత్తు నేర్చి, సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. తువ్వాలు లేకుండా, ఎగరకుండా కూడా బలవంతుడు ఉంటాడని మావాడికి అలాగే చెప్పాను. వాడు శ్రద్ధగా విని, మర్నాడు పొద్దున్న చెల్లెల్ని ఛాతీ మీద నిలబెట్టుకున్నాడు. కాబట్టి ఆ కథ చెప్పినప్పుడు, రోజుకెన్ని దండీలు తీస్తే అలా అయ్యాడన్నది కూడా కలిపి చెప్పండి.

రాత్రి కలవరిస్తే దీపం వేసి పక్కన పడుకోండి. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. వారాలు గడిచినా ఒక్కడూ పడుకోనంటే, తిండి మానేస్తే, బడికి వెళ్లనంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

మావాడికిప్పుడు తొమ్మిదేళ్లు. మొన్న సెలవులకొచ్చి కొత్త సూపర్‌హీరో సినిమాకి తీసుకెళ్లమన్నాడు. రెండ్రోజులు ఆగరా అని, కథంతా చదివాను. ముందే చెప్పేశాను, ఇందులో హీరో వాళ్ల నాన్న చచ్చిపోతాడ్రా అని. కాసేపు ఆలోచించాడు.

"ఎంతసేపు చూపిస్తారు మావయ్యా?"

"రెండు నిముషాలు ఉంటుంది. ఇంటర్వెల్ అయిన పావుగంటకి."

"అయితే ఇంటర్వెల్లో ఏటీ కొనొద్దు. అప్పుడెళ్లి సమోసాలు తెచ్చుకుందాం."